రత్నమాణిక్యం టీచరుగారి పద్నాలుగు చావులు

ఆ ఎండాకాలంలో మా అత్తగారు పదమూడుసార్లు చనిపోయారు. పద్నాలుగోసారి చనిపోయినప్పుడు ఎవరూ నమ్మలేదు.

మొదటి చావు ఏప్రిల్ ఇరవై ఆరున, మధ్యాహ్నం మూడు గంటలకి, మా షాపులోనే జరిగింది. ఏలూరు పక్కన వట్లూరులో మాకు ఫ్లెక్సీలు వేసే షాపు ఉంది. కింద షాపు, పైన ఇల్లు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, కాలేజీ అడ్మిషన్లు, చావులు, అన్నీ మా మెషిన్ మీదుగానే రోడ్డెక్కుతాయి. బడికి సెలవులిచ్చారని మా అమ్మాయి రమ్య నా పక్కన రెండో సిస్టమ్ ముందు కూర్చుని ఏదో కొడుతోంది. దానికి పదేళ్లు. బొమ్మలు వేసుకుంటోందనుకుని నేను పట్టించుకోలేదు.

"అమ్మా, ఇది చూడు."

చూశాను. నల్లటి అంచు, మూలల్లో లిల్లీ పూలు, పైన శిలువ. చనిపోయినవాళ్లకి మేం వేసే డిజైనే. నడుమ మా అత్తగారి ఫోటో. కింద ఇలా ఉంది:

"శ్రీమతి రత్నమాణిక్యం గారు, రిటైర్డ్ టీచర్, మండవల్లి. వీరు నిన్న కొల్లేటి గట్టున ఒక గూడబాతుకు ఎక్కాలు నేర్పుచుండగా, అది పదమూడో ఎక్కం తప్పు చెప్పినది. చెవి మెలివేయుదమని చూడగా గూడబాతుకు చెవి దొరకలేదు. ఎక్కడున్నదో వెతుకుటకు టీచరుగారు దాని నోటి సంచిలో తల పెట్టిరి. గూడబాతు నోరు మూసినది. ఇప్పుడు దానికి పదమూడో ఎక్కం బాగుగా వచ్చును."

ముందు నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత చెయ్యి లేచింది. దాని వీపు మీద ఒకటి వేశాను.

ఎందుకు వేశానో దానికి తెలియదు. మార్చి ఆఖరున విజయవాడలో స్కాన్ తీయించాం. క్లోమం దగ్గర గడ్డ. డాక్టరు నన్నూ మావారు మనోజ్‌నీ లోపలికి పిలిచి, మూడు నెలలు, మహా అయితే నాలుగు అన్నాడు. తాడేపల్లిగూడెం నుంచి మా బావగారు ప్రసాదరావు వచ్చి, "అమ్మకి గ్యాస్ అని చెబుదాం. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తకూడదు" అని తీర్మానం చేశారు. చర్చి సంఘంలో పెద్ద ఆయన. ఆయన తీర్మానం చేస్తే ఇంట్లో అది ప్రార్థనలాగే నడుస్తుంది. అప్పటినుంచి మేమంతా గ్యాస్ గురించే మాట్లాడుకుంటున్నాం.

ఆ సాయంత్రం అత్తయ్యగారు టీ తాగడానికి కిందికి దిగారు. రమ్య అప్పటికే దాన్ని తెల్లకాగితం మీద ప్రింట్ తీసింది. నేను దాచేలోగా ఆవిడ చేతిలో పడింది. కళ్లజోడు సర్దుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. మళ్లీ మొదటికి వెళ్లారు. భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారనుకుని నేను లేచాను. కాదు, నవ్వుతున్నారు. నెల రోజుల్లో ఆవిడ నవ్వగా చూడడం అదే మొదలు.

"గూడబాతుకి ఎక్కం రాకపోతే తప్పు నేర్పినదానిదే. ఇది చావాల్సిందేలే" అన్నారు. జాకెట్లోంచి ఎర్ర పెన్ను తీశారు. రిటైరై పద్నాలుగేళ్లయినా ఆ పెన్ను ఆవిడ దగ్గరే ఉంటుంది. "చావు మరీ త్వరగా అయిపోయింది. పైగా నాకు మాటల్లేవు. రత్నమాణిక్యం టీచరు నోరు మూసుకుని చస్తుందా? పదికి ఆరు."

"ఆరేనా మామ్మా?" అంది రమ్య.

"రెండోది రాసుకురా. అప్పుడు చూద్దాం."

అలా మొదలైంది.

రెండు మూడు రోజులకొక చావు. రెండోసారి ఆవిడ మామిడికాయ జాడీలో పడి ఊరిపోయారు. మరుసటేడు అన్నంలో కలుపుకున్నవాళ్లందరికీ చేతిరాత కుదిరింది. మూడోసారి, పాస్టరుగారి ప్రసంగం ఎంతకీ అవకపోతే చర్చిలోనే ఆవిడ మీద సాలెపురుగు గూడు కట్టేసింది. నాలుగోసారి పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒక కుర్రాడి జవాబులో ఉన్న గోతిలో పడిపోయారు. రమ్య వాటన్నిటినీ ఒక నోట్‌బుక్కులో కూడా రాసుకునేది. ప్రతి పేజీ కింద ఎర్ర సిరాతో మార్కులు. తొమ్మిది దాటలేదు ఎప్పుడూ.

అయిదోది మాత్రం మా చేయి దాటిపోయింది.

*

మా షాపులో ఒక పద్ధతి ఉంది. అది పెట్టింది నేనే. చావు ఫ్లెక్సీ ఆగకూడదు. పెళ్లి ఆగొచ్చు, పుట్టినరోజు ఆగొచ్చు. శవం ఇంట్లో ఉన్నవాళ్లని ప్రూఫ్ చూసుకోండి, తప్పులు చూసుకోండి అని తిప్పకూడదు. డిజైన్ రాగానే మెషిన్ మీద వేసేయాలి, పోయినవాళ్ల సొంతూళ్లో కట్టేయాలి. ప్రింట్ తీసేదీ, ఫ్రేముకి కొట్టేదీ, తీసుకెళ్లి కట్టేదీ యోబు. పన్నెండేళ్లుగా మా దగ్గరే ఉన్నాడు. మండవల్లివాడే. మా అత్తగారి దగ్గరే చదువుకున్నాడు.

మే ఎనిమిదిన అత్తయ్యగారికి నొప్పి ఎక్కువైంది. పొద్దున్నే మావారు కారు తీశారు. రమ్యని కూడా ఎక్కించుకుని నలుగురం విజయవాడ వెళ్లాం. యోబు తొమ్మిదింటికి షాపు తీశాడు. పక్కింటివాళ్లు, "టీచరుగార్ని ఆస్పత్రికి తీసుకెళ్లారయ్యా, బాగాలేదంట" అన్నారు. సిస్టమ్ పెట్టాడు. రమ్య ముందురోజు వదిలేసిన ఫైలు తెర మీద ఉంది. నల్లటి అంచు, శిలువ, టీచరుగారి ఫోటో.

నేను ఇంటి నుంచే డిజైన్లు పంపడం మామూలే. ఇదీ నేనే పంపాననుకున్నాడు. చావు వేళ ఫోన్ చేసి విసిగించకూడదని అతనికి తెలుసు. కింద ఏం రాసి ఉందో చదవలేదు.

"కళ్లనిండా నీళ్లుంటే ఎలా చదువుతానండీ?" అన్నాడు తర్వాత.

ఆరడుగుల ఫ్లెక్సీ వేశాడు. తనే తీసుకెళ్లి మండవల్లి సెంటర్లో, అందరికీ కనబడేలా కట్టాడు. కట్టి, దాని కిందే కూర్చుని ఏడ్చాడు.

మేం నాలుగున్నరకి తిరిగొచ్చేసరికి షాపు ముందు రెండు కార్లు, ఒక చేపల వ్యాను, యాభైమంది జనం. సగంమంది చేతుల్లో దండలు. కొందరు ఏడుస్తున్నారు. కొందరు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఏడ్చేవాళ్లు నవ్వేవాళ్లని తిడుతున్నారు.

మనోజ్ కారు ఆపారు. వెనక తలుపు తెరుచుకుని అత్తయ్యగారు దిగారు.

అందరికన్నా ముందు ఒక లావుపాటి ఆయన, మెడలో గొలుసు, చేతిలో గులాబీల దండ, దబ్బున కూర్చుండిపోయాడు.

"బుల్లిరాజూ, లే. రోడ్డు మీద కూర్చోవడమేంటి?" అన్నారు అత్తయ్యగారు. "ఆ దండ ఎవరికి?"

"మీకేనండీ" అన్నాడాయన. యాభై ఎకరాల చేపల చెరువులున్న మనిషి. గొంతు అయిదో తరగతి పిల్లాడిదిలా ఉంది.

"ఇలా ఇవ్వు మరి. వాడిపోతుంది." తీసుకుని మెళ్లో వేసుకున్నారు. "ఇంతకీ ఎలా పోయాను?"

సీతారత్నం అనే ఆవిడ ఫోన్లో తీసిన ఫోటో పెట్టి, జంకుతూ జంకుతూ చదివింది:

"మండవల్లి చెరువులో తవుడు బస్తాల దగ్గర చేపలు ఒకదాన్నొకటి తోసుకొనుచుండగా రత్నమాణిక్యం టీచరుగారు చూడలేకపోయిరి. వాటికి వరుస నేర్పుటకై స్వయముగా బస్తాలో కూర్చుండిరి. ‘ఎత్తు ప్రకారం నిలబడండి, పొట్టివాళ్లు ముందు’ అనిరి. చేపలు నేర్చుకొన్నవి. ఎత్తు ప్రకారం వచ్చి, తలా ఒక ముక్క, తోసుకోకుండా తినినవి. ఇప్పటికీ పొద్దున్నే చెరువులోంచి హాజరు పిలుపు వినబడుతున్నదనియు, చేపలు కడుపు లోపలినుంచి ‘ప్రెజెంట్ మేడమ్’ అనుచున్నవనియు కాపలావాడు చెప్పెను."

ఈసారి ఏడ్చినవాళ్లు కూడా నవ్వారు. అత్తయ్యగారు మెట్ల మీద కూర్చుండిపోయి, దండలో పూలు రాలేలా నవ్వారు. రమ్య నా వెనక నక్కింది.

"ఈ పాపేనాండీ రాసింది?" అని సీతారత్నం దాని ముందు వంగింది. "పాపగారూ, మళ్లీ వారం టీచరుగారు ఎలా పోతారండీ?"

కాఫీలిచ్చాం. అందర్నీ లోపలికి రమ్మన్నాను. బుల్లిరాజుగారు మాత్రం షాపు గుమ్మం బయటే చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. రమ్మన్నా రావడంలేదు. అత్తయ్యగారు చూసి, "వాడంతే. రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. నేను రమ్మంటే తప్ప గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు. కమిన్, బుల్లిరాజూ" అన్నారు. అప్పుడు వచ్చాడు.

వెళ్లేటప్పుడు నాతో అన్నాడు: "చిన్నప్పుడు ఈవిడ పోవాలని రోజూ ప్రార్థన చేసేవాళ్లమండీ. ఇప్పుడు నిజంగా పోయిందంటే పొద్దుటినుంచి మెతుకు దిగలేదు. మీ పాప ఆ రెండూ కలిపి రాసేసిందండీ. ఎలా రాసిందో మరి." కళ్లు తుడుచుకుని, "ఆ ఫ్లెక్సీ మాత్రం తీయించకండి. బస్సులాపుకుని చదువుతున్నారు" అన్నాడు.

*

మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకే మా బావగారు దిగారు. ఫోటో ఆయన ఫోన్‌కి కూడా వెళ్లింది. ఆయన చర్చి గ్రూపులోనే ఎవరో పెట్టారు.

"అమ్మ చావు మీద ఎగతాళా? బజారులో కడతారా?" ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. ఆ రోజు పెద్దదైంది. అత్తయ్యగారు మేడమీద నిద్రపోతున్నారు. మేం ముగ్గురం షాపులో ఉన్నాం.

"పిల్ల ఆడుకుందండీ. ఆవిడే రాయమన్నారు" అన్నాను.

"ఆవిడకి తెలియదు కాబట్టి నవ్వుతోంది. నీకు తెలుసు కదమ్మా సలోమీ? మూడు నెలలకన్నా బతకదని డాక్టరు చెప్పాక, ఆ పిల్ల చేత రోజుకొక చావు రాయిస్తావా?"

మావారు "అన్నయ్యా" అన్నారు. అప్పటికే ఆలస్యమైంది. మెట్ల మీద రమ్య నిలబడి ఉంది. చేతిలో నోట్‌బుక్కు. ఆరో చావు, ఐస్ ఫ్యాక్టరీది, సగంలో ఉంది.

అది ఏడవలేదు. నోట్‌బుక్కు తీసుకొచ్చి పెదనాన్న చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని చేతిసంచిలో వేసుకున్నారు. తాడేపల్లిగూడెం చర్చిలో పిల్లలకి వేసవి బైబిల్ తరగతులు మొదలయ్యాయి, రమ్యని పది రోజులు తీసుకెళ్తానన్నారు. నేను అడ్డం చెప్పలేదు. ఆ ఎండాకాలం మొత్తంలో నేను చేసిన తప్పు అదొక్కటే.

*

మూడు రోజులు అత్తయ్యగారు నాలుగింటికి కిందికి దిగారు, ఎర్ర పెన్నుతో. నాలుగో రోజు దిగలేదు. నేనే టీ పైకి తీసుకెళ్లాను. మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నారు. వారం కిందటి మనిషి కాదు.

"పిల్లని ఎందుకు పంపేశారు?"

"వేసవి బైబిల్ తరగతులు కదండీ. పాటలవీ నేర్చుకుంటుందని."

"సలోమీ, ముప్పై నాలుగేళ్లు పిల్లల అబద్ధాలు విన్నదాన్ని. హోంవర్కు మేక తినేసిందన్నవాడు కూడా నీకన్నా బాగా చెప్పేవాడు." టీ పక్కన పెట్టించారు. "గ్యాస్‌కి ఎవర్నీ విజయవాడ మూడుసార్లు తీసుకెళ్లరు. మొదటి రోజే నాకు తెలుసు. ప్రసాదు ముఖం చూశాను."

"తెలిసీ మీతోపాటు గ్యాస్ గ్యాస్ అన్నాను. ఏం చెయ్యను? మీరంతా భయపడుతున్నారు. ఈ ఇంట్లో నా చావు మాట నా ముఖం మీద ఎత్తింది ఆ పిల్ల ఒక్కత్తే. తనకి తెలియకపోయినా సరే." పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టారు. "మీరంతా చావు చుట్టూ తిరుగుతుంటే అది తలుపు తీసుకుని లోపలికెళ్లి అక్కడ కుర్చీలు సర్దుతోంది. నాకు చూడబుద్ధేస్తోంది. నా ఐస్ ఫ్యాక్టరీ సగంలో ఉంది. వెళ్లి తీసుకురా."

బీరువా తీశాను. విజయవాడ ఫైల్లోంచి ఒక కాగితం తీసి సంచిలో పెట్టుకున్నాను. ప్యాసింజరు రైలు దొరికింది.

తాడేపల్లిగూడెంలో బావగారింటికి వెళ్లేసరికి మా తోటికోడలు రూబీ అక్క వంటింట్లో ఉంది. నన్ను చూడగానే తలుపు దగ్గరగా వేసింది.

"పిల్ల ఒక్క మాట మాట్లాడట్లేదు సలోమీ. పాటలు పాడమంటే నోరు కదుపుతోంది, అంతే. అన్నం కూడా సరిగ్గా తినట్లేదు." బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి నోట్‌బుక్కు తీసింది. "ఆయన బీరువాలో పెట్టారు. తాళం నా దగ్గరే కదా ఉండేది. నేను రెండుసార్లు చదివాను. నువ్వు నమ్మవు, ఆయన కూడా చదివారు. బాత్‌రూమ్‌లో. కుళాయి తిప్పుకుని చదివారు గానీ నవ్వు వినబడింది."

బావగారు ముందుగదిలో ఉన్నారు. నేను వెళ్లి నిలబడ్డాను. ఆయన ముందు అంతవరకు ఎప్పుడూ గొంతెత్తలేదు. ఆ రోజూ ఎత్తలేదు.

"బావగారూ, పాపని తీసుకెళ్తున్నానండీ."

"మళ్లీ ఆ రాతలేనా?"

"అవునండీ. అత్తయ్యగారికి అంతా తెలుసు. మొదటినుంచీ తెలుసు. గ్యాస్ అని మనల్ని మనమే మోసం చేసుకున్నాం."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. "చావుతో నవ్వులాట తప్పమ్మా."

"తప్పయితే నా మీద వెయ్యండి. ఆవిడ అడిగింది అదొక్కటే. నేను ఇస్తాను."

రమ్య చెప్పులేసుకుంది. గేటు దగ్గర బావగారు మా వెనకే వచ్చారు. రోడ్డువైపు చూస్తూ అడిగారు: "ఆ ఐస్ ఫ్యాక్టరీది... అమ్మ గడ్డ కట్టాక ఏమవుతుంది?"

"తెలీదు పెదనాన్నా. ఆపేశాను" అంది రమ్య.

ఆయన ముఖం వాడిపోయింది. నేను చూశాను.

*

తిరుగు ప్యాసింజర్ని భీమడోలులో ఆపేశారు, వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి. ఎదురుగా ఎవరూ లేరు. కిటికీలోంచి వేడి గాలి కొడుతోంది. ఎలా మొదలుపెట్టాలో నేను వెళ్లేటప్పుడు ఏలూరులో రైలెక్కినప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. చివరికి అదే మొదలుపెట్టింది.

"నేను రాసినందుకే కదా మామ్మకి వచ్చింది?"

సంచిలోంచి స్కాన్ కాగితం తీశాను. మడత విప్పి దాని ఒళ్లో పెట్టాను. "పైన తేదీ ఉంది. చదువు."

"మార్చి ఇరవై ఎనిమిది."

"ఇప్పుడు నీ నోట్‌బుక్కులో మొదటి పేజీ తియ్యి."

తీసింది. మామ్మ నేర్పినట్టే పైన మూలకి తేదీ వేసి ఉంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. వేళ్ల మీద లెక్క పెట్టింది. మళ్లీ పెట్టింది.

"ముందే ఉంది" అంది.

"ముందే ఉంది."

"అయితే నేను కాదు."

"కాదు."

ఎక్స్‌ప్రెస్ మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. పెట్టె అంతా ఊగింది. మా బండి కదిలి, ప్లాట్‌ఫాం చివర మలుపు దాటేదాకా రమ్య ఆ కాగితాన్ని మడతపెడుతూనే ఉంది.

"ఎవరూ బయటికి తియ్యరు" అంది హఠాత్తుగా.

"ఎవర్ని?"

"మామ్మని. గడ్డ కట్టాక. చేపల పెట్టెల మధ్య పెట్టి కలకత్తా లారీ ఎక్కించేస్తారు. అక్కడ దించి చూస్తే డ్రైవరుకి హిందీ తప్పులు లేకుండా వచ్చేసి ఉంటుంది."

ఆ చావుకి అత్తయ్యగారు ఎనిమిది వేశారు. హిందీ తనకే సరిగ్గా రాదు కాబట్టి నమ్మబుద్ధి కాలేదన్నారు.

*

ఆ తర్వాత ఇంకో ఏడు చావులు. బుల్లిరాజుగారు అడిగి మరీ ఒక్కొక్కటీ మండవల్లి సెంటర్లో కట్టించుకున్నారు. వాటికోసం పొద్దున్నే చెరువుల మీదికి వెళ్లేవాళ్లు బళ్లు ఆపేవారు. పిల్లలు పైకి చదివేవారు, పెద్దవాళ్లు వాళ్లచేత చదివించుకుని, తెలియనట్టు మళ్లీ చదివించుకునేవారు. ఆవిడ చేత దెబ్బలు తిన్నవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురు చూడ్డానికి వచ్చేవారు. మామిడిపండ్లు తెచ్చేవారు, పండుగప్ప చేపలు తెచ్చేవారు. ఒక తాసిల్దారు గారొచ్చి, టీచరుగారి చావులో తననీ ఒక పాత్రగా పెట్టమని రమ్యని బతిమాలుకున్నాడు.

జూన్ రెండో వారానికి అత్తయ్యగారు మంచం దిగలేకపోయారు. చదివి వినిపిస్తే వేళ్లతో మార్కులు చూపించేవారు. పదమూడో చావులో ఆవిడ్ని ఒక దోమ కుట్టి, దోమ చచ్చిపోయింది. దాని అంత్యక్రియలకి వెళ్లి, అక్కడ దోమలు పాట శ్రుతిలో పాడడం లేదని సరిదిద్దబోయి పోయారు. అత్తయ్యగారు రెండు చేతులూ ఎత్తి తొమ్మిది వేళ్లు చూపించారు. తర్వాత తలగడ కింద తడుముకుని ఎర్ర పెన్ను తీసి రమ్య చేతిలో పెట్టారు.

"తర్వాతది నేను దిద్దను. నువ్వే దిద్దుకో."

జూన్ ఇరవై ఒకటి, ఉదయం ఆరు గంటలకి పోయారు. మావారి చేతిలో చెయ్యి ఉంది. వాన అప్పుడే మొదలైంది.

షాపులో మెషిన్ పక్కకి జరిపి, ఐస్ బాక్స్ తెప్పించి అక్కడే పడుకోబెట్టాం. బావగారూ రూబీ అక్కా ఎనిమిదికల్లా వచ్చారు. ఫ్లెక్సీ మాట ఆయనే చెప్పారు, నేను కొట్టాను: "శ్రీమతి రత్నమాణిక్యం గారు ప్రభువునందు నిద్రించిరి. భూస్థాపన సాయంత్రం అయిదు గంటలకు." యోబు ప్రింట్ బటన్ మీద వేలు పెట్టి ఆగాడు. పన్నెండేళ్లలో మొదటిసారి చావు ఫ్లెక్సీ ఆపాడు. వెళ్లి, బాక్సు అద్దం మీద వంగి, చాలాసేపు చూశాడు.

"అమ్మగారూ, ఈసారి నిజమేనాండీ?"

"నిజమే యోబూ."

తొమ్మిదిన్నరకి మండవల్లిలో కట్టానని ఫోన్ చేశాడు. పది అయింది. పదకొండైంది. మా వీధివాళ్లూ చర్చివాళ్లూ వచ్చారు. మండవల్లి నుంచి ఒక్క మనిషి రాలేదు. బావగారు కుర్చీలు వేయించి, రోడ్డు చూస్తూ కూర్చున్నారు. ఆవిడ ముప్పై నాలుగేళ్లు చదువు చెప్పిన ఊరు.

పదకొండుంపావుకి బుల్లిరాజుగారి ఫోన్.

"ఏమనుకోకండమ్మా, ఈసారి కథ అంత బాలేదండీ. మరీ చిన్నదైపోయింది. ఎక్కడ నవ్వాలో ఎవరికీ తెలియట్లేదు. అందరం నిలబడి చూస్తున్నాం, ఫ్లెక్సీ వెనకేమైనా రాసుందేమోనని అటు తిరిగి కూడా చూశాం."

"అది కథ కాదండీ, బుల్లిరాజుగారూ" అన్నాను.

అవతల వాన చప్పుడు వినబడింది. తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు.

నేను తిరిగి చూసేసరికి రమ్య టేబుల్ దగ్గర ఉంది. పెదనాన్న చెప్పిన మాటల ప్రూఫ్ కాగితం ముందు పెట్టుకుని దిద్దుతోంది. బావగారు కూడా చూశారు. వచ్చి దాని భుజం మీదుగా వంగి చదివారు. ఎర్ర సిరాతో అడ్డంగా రాసి ఉంది:

"పదికి రెండు. చావు మరీ త్వరగా అయిపోయింది. మామ్మకి మాటల్లేవు. మళ్లీ రాయవలెను."

ఆయన ఆ కాగితం చేతిలోకి తీసుకున్నారు. చింపేస్తారనుకున్నాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"రాయమ్మా" అన్నారు. "చావు ఫ్లెక్సీ ఆగకూడదు కదా. త్వరగా రాయి."

అరగంటలో రాసింది. నేను ఒక్క అక్షరం మార్చలేదు. యోబు తడి ఆరకుండానే తీసుకుపోయాడు.

"రత్నమాణిక్యం టీచరుగారు ఈ ఉదయం ఆరు గంటలకు పరలోకం చేరిరి. గేటు దగ్గర దూత పేరు అడిగెను. ‘ముందు నువ్వు లేచి నిలబడి నమస్కారం పెట్టు’ అనిరి. రెక్కలు వంకరగా ఉన్నందున అతనిచేత గోడకుర్చీ వేయించిరి. తర్వాత హాజరుపట్టీ తెప్పించి మండవల్లి బడి పిల్లల పేర్లన్నీ మొదటినుంచి చివరిదాకా పిలిచిరి. ఒక్కరూ పలకలేదు. టీచరుగారు కోప్పడలేదు. పట్టీ మూసి, ‘తొందరేం లేదు. దీనికి మాత్రం ఎంత ఆలస్యంగా వచ్చినా కొట్టను’ అనిరి. (ఇది నిజం చావు. వట్లూరు రండి.)"

మూడింటికి మొదటి వ్యాను వచ్చింది. తర్వాత కార్లు, ఆటోలు, ఐస్ ఫ్యాక్టరీ లారీ. వానలో తడిసి దిగారు, చేతుల్లో దండలు, ముఖాలు ఏడుపో నవ్వో తెలియకుండా ఉన్నాయి. ఎవరూ చెప్పలేదు గానీ షాపు ముందు వరుసలో నిలబడ్డారు. కాసేపటికి నేను గమనించాను. పొట్టివాళ్లు ముందున్నారు.

అయిదు కావస్తోంది. వరుస అయిపోయింది. పాస్టరుగారు ప్రార్థనకి లేచారు. పెట్టె మూయబోతుంటే బయట కారు ఆగింది. బుల్లిరాజుగారు పరుగెత్తుకొచ్చాడు. మోకాళ్ల దాకా బురద, దండలో సగం పూలు లేవు. కైకలూరు దగ్గర రోడ్డు మీదికి నీళ్లొచ్చి ఇరుక్కుపోయాడట.

గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. చేతులు కట్టుకున్నాడు. "రండి, రండి" అన్నారు బావగారు. కదల్లేదు. రూబీ అక్క కూడా పిలిచింది. లోపలికి చూస్తూ అలాగే నిలబడ్డాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

రమ్య ఆయన్ని చూసింది. తర్వాత పెట్టెలోకి, మామ్మ ముఖంలోకి చూసింది. ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని లేచి నిలబడింది.

"కమిన్, బుల్లిరాజూ" అంది.